చెల్లని బిళ్ళలకు ఒక మంద

ఆకారం వింతగా ఉండే నాణేలు కూడబెడితే లాభమా అని నన్ను చాలామంది అడుగుతారు. తనకల్లు రోడ్డు మీద నా పంక్చరు అంగడికి వచ్చినవాళ్ళే అందరూ. ట్యూబును నీళ్ళల్లో ముంచి నేను బుడగల కోసం చూస్తున్నంతసేపూ వాళ్ళకు వేరే పని ఉండదు. మా బావ కథ సగం ఎక్కడో విని ఉంటారు. సగం కథ విన్న మనిషి మిగతా సగం సొంతంగా అల్లుకుంటాడు, అందులో నన్ను దొంగను చేస్తాడు. అందుకని మొత్తం రాసి పెడుతున్నాను. రాయడం నాకు పెద్దగా అలవాటు లేదు. ఏడో తరగతిలో లెక్కల సారు నీ తలకాయ నిండా గాలే అన్నాడు. ఆ రోజుతో బడి మానేశాను. ఆ గాలినే టైర్లకు పట్టి బతుకుతున్నాను.

వింత ఆకారాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి మన పాతవి. నలుచదరపు ఐదు పైసలు, అంచు అలలు అలలుగా ఉండే పది పైసలు, ఆరు మూలల ఇరవై పైసలు. ఆ ఆకారాలు సోకు కోసం పెట్టినవి కావు. మా నాయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి, కంటితో చూడకుండానే, వేళ్ళతో తడిమి ఏది ఎంతో చెప్పేవాడు. సంతలో గంప దించుకున్న ముసలామెకు కళ్ళు కనపడకపోయినా ఎవడూ మోసం చెయ్యలేకపోయేవాడు. ఆ నాణేలు చేతులు మారి మారి అరిగిపోయినవి.

రెండో రకం ఇప్పుడొస్తున్నవి. గిటారు మాదిరి, గుండె మాదిరి, చేప మాదిరి, దేశపటం మాదిరి. సముద్రంలో ఎక్కడో ఉండే చిన్న చిన్న దీవుల పేరు మీద అచ్చు వేస్తారట. ఆ దీవిలో ఉండేవాడు కూడా వాటిని ఎప్పుడూ చూసి ఉండడు. రంగులు పూసి, డబ్బాలో పెట్టి, డబ్బున్నవాళ్ళు డబ్బున్నవాళ్ళ పిల్లలకు బహుమతిగా ఇచ్చుకోవడానికి పనికొస్తాయి. వాటితో ఎవరూ అగ్గిపెట్టె కొనలేదు. నా దగ్గర ఒక సీసాకు సగం ఉండేవి ఈ రెండో రకమే.

అవి నాకు మా అక్క పంపింది.

మా కదిరి వైపు వాన మొహం చాటేస్తే మగవాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు, ఆడవాళ్ళు కువైట్ విమానం ఎక్కుతారు. మా అక్క అక్కడ ఒక ఇంట్లో వంటపనికి కుదిరింది. ఆ ఇంటి పిల్లవాడికి ప్రతి పుట్టినరోజుకూ చుట్టాలు ఇలాంటి బిళ్ళలు ఇచ్చేవాళ్ళు. వాడు డబ్బాతో ఆడుకొని బిళ్ళను చెత్తబుట్టలో వేసేవాడు. అక్క తీసి మేడంకు ఇవ్వబోతే, నువ్వే ఉంచుకో అనేదట. మన వైపు ఎవరైనా సెలవు మీద వస్తుంటే అక్క వాటిని మేజోడులో చుట్టి నాకు పంపేది. సంపాదించిన డబ్బు బావకు, బిళ్ళలు నాకు.

"గిటారు మాదిరి దుడ్డు పంపినా చూడు," అని ఫోన్లో అనేది. "దీన్ని జోబులో యాడ పెట్టుకుంటారో ఏమో. నీకు నవ్వొస్తాదని పంపినా."

నాకు నవ్వొచ్చేది. ఫోను పెట్టేశాక కూడా కాసేపు నవ్వుకునేవాణ్ణి. ఆమె ఒక్కతే కూర్చొని చెత్తబుట్టలో నుంచి నాకోసం నవ్వు ఏరుతోందని తలచుకుంటే మాత్రం నవ్వు ఆగిపోయేది.

ఆ బిళ్ళల్లో ఒక తాబేలు ఉండేది. వీపు మీద గళ్ళు, నాలుగు కాళ్ళు, తోక, అన్నీ స్పష్టంగా. మా నాయన పోయిన ఏడాది పంపింది అది. ఆమెకు సెలవు దొరకలేదు. నాయన మొహం ఆఖరి చూపు కూడా ఫోన్లోనే చూసింది. "నేను రాలేకపోతి. దీన్ని నాయన పటం కాడ పెట్టు," అని చెప్పి పంపింది. సంవత్సరీకం అయ్యేదాకా అది నాయన పటం ముందు గూట్లోనే ఉంది. తర్వాత తీసి సీసాలో వేశాను. ఈ సంగతి మా బావకు తెలుసు. తెలుసు అని ఎందుకు గట్టిగా చెప్తున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

బావ సంతలో గొర్రెల దళారి. తెల్ల చొక్కా, భుజాన ఆకుపచ్చ గళ్ళ తువాలు, నోట్లో వక్కాకు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి ఇద్దరినీ నవ్విస్తూ బేరం తెంపుతాడు. నాకంటే బాగా ఎగతాళి చేస్తాడు, అదీ నా బాధ. ఒక ఊళ్ళో ఇద్దరు హాస్యగాళ్ళుంటే ఒక బావికి రెండు మోటర్లు బిగించినట్టే. ఎవరో ఒకరికి నీళ్ళు అందవు.

"ఏమిరా బామ్మర్దీ, ఇవి యాడన్నా చెల్లుతాయా?" అని సీసా ఊపి అడిగేవాడు.

"చెల్లవు బావా."

"మల్ల యాలకు పెట్టుకుండావ్?"

"మా అక్క నిన్ను పెట్టుకోలేదా. అట్లనే."

ఇట్లాంటివి మా మధ్య మామూలే. బావా బామ్మర్దులు తిట్టుకోకపోతే ఊరివాళ్ళు ఏమో జరిగిందని అనుమానపడతారు. నేను ఒకటంటే ఆయన రెండనేవాడు, నా అంగడికి ఎదురుగా ఉన్న టీ బంకు బల్ల మీద కూర్చున్నవాళ్ళకు పొద్దు పోయేది.

ఒక రోజు నేను లారీ కింద పడుకొని చక్రం విప్పుతూ ఉండగా బావ అంగడికి వచ్చాడు. నేను బయటికి వచ్చేసరికి వెళ్ళిపోయాడు. నా డ్రిల్లు వేడిగా ఉంది, కింద తెల్లటి లోహపు పొడి రాలి ఉంది. ఏం చేశాడో నాకు అర్థం కాలేదు. సాయంత్రం టీ బంకు దగ్గరికి పోతే అర్థమైంది. బావ తన పొటేలును పట్టుకొని నిలబడి ఉన్నాడు. దాని మెడలో తీగకు గుచ్చిన తాబేలు వేలాడుతోంది. నాయన గూట్లో ఏడాది ఉన్న తాబేలుకు సరిగ్గా నడుం మధ్యలో బొక్క.

"చూడండప్పా," అన్నాడు బావ. "బామ్మర్ది ఆస్తి మా పొటేలుకు పతకం అయింది. బడిలో వానికి రాకపోయినా దీనికొచ్చింది."

బల్ల మీదివాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. హాస్యగాడు తన మీద పడిన మాటకు నవ్వకపోతే అంతకుముందు వాడు వేసిన మాటలన్నిటికీ వడ్డీతో సహా తన్నులు తింటాడు. టీ తాగాను, గ్లాసు కడిగే తొట్టిలో పెట్టాను, బావ వీపు తట్టి అంగడికి వచ్చాను. వచ్చి డ్రిల్లు తుడిచాను. దాన్ని తుడుస్తూ ఒకటి అనుకున్నాను. అది ఇక్కడ రాయను. చేసింది రాస్తాను, చాలు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అక్క వచ్చేసింది. సెలవుకు కాదు, పూర్తిగా.

"ఇంగ పోనురా," అంది నాతో, సంచులు ఆటోలోంచి దించుతూనే. "గొర్రెలుండాయి కదా. వాటిని మేపుకుంటా ఈడ్నే ఉంటా."

కువైట్‌లో ఉన్న అన్నేళ్ళూ ఆమె పంపిన డబ్బుతో బావ గొర్రెలు కొంటూ వచ్చాడు. ఫోన్లో ఒక్కోదాన్నీ చూపించేవాడు. ఇదో ఇది నీది, ఇదో దీని పిల్ల, ఇదో పిల్లకు పిల్ల అని. అక్క ఆ వంటింట్లో నిలబడి వాటికి పేర్లు కూడా పెట్టుకుంది. మంద పెరిగితే ఏటా పిల్లలు అమ్ముకొని బతకొచ్చు. ఆమె లెక్క అంతే, అందులో తప్పేమీ లేదు.

దొడ్డిలోకి పోయి చూస్తే ప్రతి గొర్రె కుడిచెవికీ రెండు గాట్లున్నాయి. మా వైపు ఏ ఇంటి గొర్రెకు ఆ ఇంటి గుర్తు చెవి మీద కోస్తారు. మా నాయన గుర్తు ఎడమచెవి కొన మీద ఒక గాటు. తన గొర్రెలకు అదే పెట్టమని అక్క మొదటి రోజే చెప్పింది. రెండు గాట్లు బావ గుర్తు.

"నీవి రోగమొచ్చి పోయినాయి," అన్నాడు బావ, వక్కాకు నములుతూ. "ఇవన్నీ నా బేరం జీవాలు. చెవి చూడు, తెలుస్తాది."

"ఫోన్లో చూపించినవి ఇవే కదా?"

"ఫోన్లో అన్ని గొర్రెలూ ఒగే మాదిరి కనపడతాయి."

పంచాయితీ పెడితే పెద్దమనుషులు చెవే చూస్తారు. చెవి బావ వైపే సాక్ష్యం చెప్తుంది. వారం తిరక్కుండా, కువైట్ పనులకు మనుషుల్ని పంపే ఏజెంటు ఒకడు చంకలో సంచి పెట్టుకొని ఇంటికి వచ్చాడు. ఇంకొక్కసారి పోయిరా, రెండేండ్లే కదా అని అక్కతో అంటూ బావ వాడికి టీ పోయించాడు. అక్క పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నాకు మాత్రం ఫోన్ చేసి, "రేయ్, నేను పోలేనురా," అంది. అంతే అంది.

ఆ రోజుల్లోనే బావకు ఫోను పిచ్చి పట్టింది. టీ బంకు దగ్గర ఆ వీడియోలు గట్టిగా పెట్టుకొని వినేవాడు. మీ ఇంట్లో ఈ నాణెం ఉంటే మీరు లక్షాధికారి, ఈ నోటు మీద ఈ అంకె ఉంటే వెంటనే ఫోన్ చెయ్యండి అని ఎవడో గొంతు చించుకుంటూ ఉండేవాడు. వింత ఆకారం ఉన్నవాటికి ఇంకా ఎక్కువట. బావ వింటూ వింటూ ఒకసారి తల తిప్పి నా అంగడి వైపు చూశాడు. అలవాటుగా చూశాడో, లెక్క వేసి చూశాడో ఆ నిమిషంలో నాకు తెలియలేదు. నేను మాత్రం లెక్క వేశాను.

నిజమేమిటో నాకు ముందే తెలుసు. బావ తాబేలుకు బొక్క పెట్టకముందే ఒకసారి, అనంతపురంలో టవర్ క్లాక్ అవతల సందులో పాత నాణేల అంగడికి సీసా తీసుకుపోయి చూపించి వచ్చాను. అంగడి ముసలాయన ఒక్కోటీ తిప్పి చూసి, ఇవి బొమ్మలు నాయనా, ఎవరూ కొనరు అన్నాడు. నాకు దిగులేమీ కలగలేదు. అమ్మడానికి కూడబెట్టినవి కావు కదా.

బావ అట్లా చూసిన మరుసటి రోజు కదిరికి పోయి ఒక తాళం కొన్నాను. బస్టాండు దగ్గర ఇనుప సామాన్ల అంగట్లో ఉన్నవాటిలో పెద్దది. బియ్యం గోడౌనుకు వేసే తాళం అది. ఒక ఇనుప పెట్టె తెచ్చి, సీసా అందులో పెట్టి, తాళం వేసి, బావ కూర్చునే బల్లకు ఎదురుగా కనపడేట్టు అంగట్లో పెట్టాను. నేను చేసిన మోసం అంతా కలిపి ఆ తాళమే. నోటితో ఒక్క అబద్ధం చెప్పలేదు.

రెండో రోజే బావ వచ్చాడు.

"ఏమప్పా, బంగారం గింగారం దాచినావా?"

"బిళ్ళలు బావా."

"చెల్లనివి అంటివే."

"చెల్లవు."

"మల్ల తాళం?"

"ఊరికే."

సంతలో ఇరవై ఏళ్ళు నిలబడ్డ దళారికి 'ఊరికే' అన్న మాట చెవిలో పడితే మనసు ఆగదు. ఊరికే వచ్చినా, అమ్మేది లేదు, చూపించేదానికి తోలుకొచ్చినా అని అనే మనిషి దగ్గరే మంచి జీవం ఉంటుందని వాళ్ళ నమ్మకం. నాది మేలైనది అని అరిచేవాడి గొర్రెకు పళ్ళు ఊడి ఉంటాయి. పైగా నేను హాస్యగాణ్ణి. నేను అవునంటే కాదని, కాదంటే అవునని అర్థం చేసుకోవడం ఊరికి అలవాటు. నా నిజాన్ని నమ్మే మనిషి ఆ రోడ్డు మీద ఎవడూ లేడు. ఆ అపనమ్మకాన్నే కదా ఇన్నేళ్ళూ నేను కూడబెట్టుకున్నది.

బావ మంచివాడైపోయాడు. పొద్దున్నే టీ పంపించేవాడు. ఆదివారం కూర పంపించాడు. జీవితంలో మొదటిసారి బండికి గాలి కొట్టించుకొని డబ్బులిచ్చాడు. అప్పుడు తెలిసింది నాకు, వాడు గాలం మింగాడని.

అక్కకు చెప్పకుండా చెయ్యడానికి మనసొప్పలేదు. ఆమె అరుగు మీద కూర్చొని చెనక్కాయలు ఒలుస్తుంటే పోయి పక్కన కూర్చున్నాను.

"అక్కా, బిళ్ళలు బావకిచ్చేస్తా."

చెయ్యి ఆగింది. "యాల?"

"గొర్రెలకు."

చేటలోని పొట్టు ఊది, "చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఏరినవిరా అవి," అంది. "నువ్వు నవ్వుతావని అంపినవి. తాబేలును ఆ మాదిరి చేసినోనికి మిగిలినవి కూడా ఇస్తావా?"

"బిళ్ళలు కావల్నా, నువ్వు ఈడుండేది కావల్నా?"

"గిటారు ఒకటన్నా తీసి పెట్టుకో."

"ఒకటి తీస్తే వానికి అనుమానం వస్తాది."

ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. తర్వాత లేచి చీర దులుపుకుంటూ, "ఎర్రరంగు ఎంత తేవల్ల?" అని అడిగింది. సంతలో చేతులు మారిన గొర్రెల నడుం మీద కొన్నవాళ్ళు రంగు గీత పెట్టుకుంటారు. మా అక్క ఏడ్చే మనిషి కాదని నాకు తెలుసు గానీ ఇంత తొందరగా రంగు దగ్గరికి వస్తుందనుకోలేదు.

బావ అడిగినప్పుడు నేను రెండే మాటలు చెప్పాను. నాకు దుడ్లొద్దు, జీవాలు కావాలి. ఇంట్లో బేరం వద్దు, సంతలో తువాలు కింద చేద్దాం. వాడికి రెండోది విని సంతోషం ఆగలేదు. సంత వాడి కచేరి.

తువాలు బేరం తెలియనివాళ్ళకు చెప్తాను. మా సంతల్లో ధర నోటితో చెప్పరు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువాలు కప్పుతారు. లోపల వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. ఒక వేలు నొక్కితే ఒకటి, రెండు నొక్కితే రెండు. పిడికిలి మొత్తం పట్టుకుంటే గుత్తగా, ఉన్నదంతా అని. చుట్టూ ఎంతమందున్నా ఎవడికీ ఏమీ తెలియదు. ఒప్పుకున్నవాడు తువాలు తీసి దులిపి భుజాన వేసుకుంటే బేరం తెగినట్టు. అప్పుడు పైకి చెప్తారు. దానికి కాగితం లేదు, సంతకం లేదు. దులిపిన తువాలును మళ్ళీ పరిచి మాట మార్చిన దళారితో ఆ తర్వాత ఏ సంతలోనూ ఎవడూ చెయ్యి కలపడు. ఇంకొక నియమం ఉంది. జీవాలు కళ్ళముందు నిలబడి ఉంటేనే తువాలు పరుస్తారు. కాబట్టి బావ మందను తోలుకొచ్చాడు. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

సంతకు పెద్ద దళారి ఒకాయన ఉన్నాడు. మీసాలు నెరిసినాయి, మాట తక్కువ. ఆయన ముందు సీసా మూత తీసి బిళ్ళలు తుండుగుడ్డ మీద పోశాను. చేప, గుండె, గిటారు, దేశపటం ఎండకు మెరిశాయి. జనం మూగారు.

"ఏమప్పా, ఇవి మంచివేనా?" అని పెద్దాయన నన్నే అడిగాడు. "ఉండేది ఉన్నట్ల చెప్పు."

"చెల్లవు పెద్దన్నా. వీటికి టీ కూడా రాదు."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వి, "వాని ఎగతాళి నాకు తెల్దా," అన్నాడు.

"నిజమే చెప్తాండా బావా. చెల్లవు. ఇంట్లో పెట్టుకొని చూసుకునేదానికే."

"గమ్మునుండి చెయ్యియ్యప్పా."

తువాలు కప్పాడు. ముందు రెండు వేళ్ళు నొక్కాడు. రెండు గొర్రె పిల్లలు. నేను చెయ్యి లాక్కోబోయాను. నాలుగు నొక్కాడు. నేను బిళ్ళల వైపు చూసి నిట్టూర్చాను, ఆ నిట్టూర్పు మాత్రం నిజమైనదే. ఐదు. మళ్ళీ ఐదు. వాడి అరచెయ్యి చెమట పట్టింది. వాడి చెవిలో ఫోను గొంతు లక్షలు లక్షలు అని అరుస్తూనే ఉందని ఆ చెమట చెప్పింది. అప్పుడు నేను వాడి పిడికిలి మొత్తం పట్టుకున్నాను.

బావ నా కళ్ళల్లోకి చూశాడు. నేను కళ్ళు దించుకొని, "పోనీలే బావా, వద్దు. చెల్లవంటాండా కదా. ఇంటికి తీసకపోతా," అని బిళ్ళలు సీసాలోకి ఎత్తబోయాను.

అది మూడోసారి నిజం చెప్పడం. వాడు తువాలు లాగి, గాలిలో చరిచినట్టు దులిపి, భుజాన వేసుకున్నాడు.

"మందంతా బామ్మర్దికి, బిళ్ళలు నాకు," అన్నాడు బావ, పెద్దాయన వైపు తిరిగి. "పొటేలుతో సహా. నా బామ్మర్దే కదప్పా, పరాయోడా."

"పొటేలు మెడలోది?" అని పెద్దాయన అడిగాడు.

బావ చెయ్యి విదిలించాడు. "బొక్క పడింది దానికి. బొక్క పడినదాన్ని ఎవురూ తీసుకోరంట. అది కూడా వానికే." ఇంత దానం చేసిన మనిషిని ఆ సంత అంతకుముందు చూడలేదు.

పెద్దాయన తల ఊపాడు. గుంపు వెనక నుంచి అక్క ఎర్రరంగు డబ్బా, బ్రష్షు పట్టుకొని వచ్చింది. ఒక్కో గొర్రె నడుం మీద ఎర్రగా ఒక గీత గీస్తూ, ఒక్కోదాని పేరు పెదాలతోనే పలుకుతూ పోయింది. రోగమొచ్చి పోయినాయన్నవన్నీ అక్కడే ఉన్నాయి. బావ నవ్వుతూనే ఉన్నాడు. గొర్రెలు ఎక్కడికి పోతాయి, ఇంటికే కదా అనుకున్నాడేమో. అవి మా నాయన దొడ్డికి పోయాయి. అక్క కూడా వాటి వెంటే పోయింది.

మరుసటి రోజు అనంతపురం ప్రయాణం. దేశాల పేర్లు నీకే కదా తెలిసేది, నువ్వూ రా అన్నాడు బావ. పిలవకపోయినా నేను పోయేవాణ్ణి. పగ తీర్చుకునేటప్పుడు మనిషి ముందు వరసలో కూర్చోవాలి. నా టికెట్టు నేనే కొనుక్కున్నాను. బస్సులో బావ సీసాను ఒళ్ళో పెట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నాడు. ముదిగుబ్బ దాటేసరికి మాటల్లోనే ఇల్లు మీద ఇల్లు కట్టేశాడు.

"నీకూ ఒక ఫోను కొనిస్తాలే," అన్నాడు. "ఏమైనా మీ అక్క పంపినవే కదా."

"నీ ఇష్టం బావా."

కదిరి నుంచి పోయేవాడికి వేరే అంగడి తెలియదు. టవర్ క్లాక్ అవతల సందులోకి నేనే తోవ చూపించాను. ముసలాయన మమ్మల్ని చూసి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. బావ వైపు కాదు, నా వైపు చూశాడు.

"ఏమప్పా, మల్లా తెచ్చినావా? పోయినసారే చెప్తి కదా, ఇవి పోవని."

ఆ మాట కోసమే నేను అంత దూరం వచ్చింది. బావ తల నెమ్మదిగా నా వైపు తిరిగింది. నేను గోడ మీది పాత నోట్లు చదువుతున్నాను.

"సరిగా చూడు సామీ," అన్నాడు బావ. గొంతు సంతలోది కాదు. "వీడియోలో లక్షలంటాండారు."

"ఆ వీడియో వానికే అమ్ము అయితే. ముందు రోంత దుడ్లు కట్టమంటాడు, కట్టినాక ఫోనెత్తడు." ముసలాయన గిటారును గోటితో గీకాడు. "ఇది ఇత్తడి మీద రంగు. ఇదీ అంతే. దుడ్డంటే చేతులు మారల్ల నాయనా. వీటితో ఎవురన్నా ఒక పొద్దు వక్కాకు కొన్నారా? ఇంట్లో పిల్లోల్లుంటే ఇయ్యి, ఆడుకుంటారు." బిళ్ళలన్నీ మళ్ళీ సీసాలో వేస్తూ ఆగాడు. "ఇందులో తాబేలు ఒకటుండాల కదా. అది మాత్రం వెండి. పోయినసారి నేనే తూకం వేసి చూస్తి. యాడ అది?"

"పొటేలు మెడలో ఉండాది," అన్నాను.

"బొక్క పడింది దానికి," అన్నాడు బావ, నీళ్ళలో మునిగినవాడు మాట్లాడినట్టు.

"పడితే ఏం? వెండి వెండే కదప్పా."

బయటికి వచ్చాక బావ ఎండలో నిలబడ్డాడు. కొట్టడానికి చెయ్యెత్తుతాడేమో అని నేను రెండడుగులు దూరంగా ఉన్నాను. చెయ్యెత్తలేదు. చేతుల్లో సీసా ఉంది.

"నీకు ముందే తెల్సు."

"సంతలో మూడుమాట్లు చెప్తి గదా బావా. పెద్దాయన ముందర. సంతంతా వినె."

"నేనెట్ల నమ్మేది రా? నువ్వు నిజం చెప్తే ఎవురు నమ్ముతారు?"

"గొర్రెలు రోగమొచ్చి పోయినాయంటే మేము నమ్మితిమి కదా."

కదిరి బస్టాండులో దిగాక సీసా నా చేతిలో పెట్టబోయాడు. వద్దన్నాను. తువాలు దులిపినాక వెనక్కి తీసుకోకూడదు కదా బావా, నీ సంతలో నీ పరువేం కావాలి అన్నాను. తర్వాత వాళ్ళ మనిషి చేత ఒకసారి పంపాడు, నేను అదే మనిషి చేత తిరిగి పంపాను. ఇప్పుడది వాడింట్లో టీవీ పక్కన ఉంది. వచ్చినవాళ్ళంతా ఇదేమిటని అడుగుతారట. అడగమని పంపేది ఎక్కువగా నేనే.

ఏజెంటు ఇంకోసారి వచ్చాడు. అక్క దొడ్డిలోనే ఉండి, "గొర్రె ఈనేటట్లుండాది, ఇప్పుడు కాదు," అంది. ఎప్పుడని అడిగాడు. "అది అయినాక ఇంగోటి ఈనుతాది," అంది. వాడు పోయాడు. కొత్త పిల్లల చెవులకు ఎడమ కొన మీద ఒక్క గాటు కోయడం ఆమే నేర్చుకుంది. మొదటిదాన్ని నన్ను పట్టుకోమంది, తర్వాతవాటికి పిలవలేదు.

బావతో మాట్లాడటం మానలేదు నేను. రోజూ మాట్లాడతాను. మానేస్తే వాడికి నెమ్మది దొరుకుతుంది. ఊళ్ళో ఎవరైనా, అయిపోయిందేదో అయిపోయింది, ఇంక వదిలెయ్యప్పా అంటే సరే అంటాను. వాళ్ళు నమ్మరు, నా మాట కదా.

కాబట్టి వింత ఆకారం నాణేలు కూడబెట్టొచ్చా అంటే, అమ్ముకుందామని అయితే వద్దు. ఎవరూ కొనరు. మీకోసం ఎవరైనా ఏరి పంపితే మాత్రం పెట్టుకోండి, ఒక తాళం కూడా కొనిపెట్టుకోండి.

నా దగ్గర ఇప్పుడు ఒక్కటే మిగిలింది. అది కూడా అక్క దగ్గరే ఉంటుంది, పొటేలు మెడలో. తీగ తీసేసి ఎర్రతాడు కట్టాం. పక్కనే నేనొక గంట కట్టాను. మంద పొద్దున్నే మేతకు బయలుదేరితే పొటేలు ముందు నడుస్తుంది. దొడ్డి నుంచి కొండ పక్క బీడుకు దగ్గరి దారి వేరే ఉంది. అక్క మాత్రం టీ బంకు ముందు నుంచే తోలుకుపోతుంది. దారి ఎందుకు చుట్టు తిరుగుతున్నావని నేనెప్పుడూ అడగలేదు. గంట వినపడగానే బావ గ్లాసు కింద పెట్టి ఫోను చూసుకుంటాడు. ఫోను మోగదు. తాబేలు ఎండకు ఒకసారి తళుక్కుమని, వాడి మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా పోతుంది.